శుక్రవారం నురుగు

గుడివాడలో ఉన్నంతకాలం శ్రీవిద్యని కూరగాయల బండి దగ్గరా, మందుల షాపు దగ్గరా ఎవరో ఒకరు ఆపి అడిగేవాళ్ళు. "ఏమ్మా, మీరిద్దరూ మళ్ళీ కలుస్తున్నారా లేదా?" అని. భర్త సుధీర్‌తో విడిపోవడం ఒక బాధైతే, ఆ ప్రశ్నకి రోజూ జవాబు చెప్పుకోవడం ఇంకో బాధ. అందుకని ఆమె మకాం బందరుకి మార్చేసింది. గుడ్లవల్లేరులో తను ఫిజిక్స్ చెప్పే కాలేజీకి బందరు కాస్త దూరమే. అయినా పొద్దున్నే పాసింజరు ఎక్కితే కిటికీ పక్కన కూర్చుని వరిచేలు చూసుకుంటూ వెళ్ళిపోవచ్చు. పలకరించేవాళ్ళు ఉండరు.

గొడుగుపేటలో ఒక సందు చివర కింది వాటా దొరికింది. ఇంటాయన పేరు ఖుద్దూస్. చిలకలపూడి దగ్గర గిల్టునగల దుకాణం ఉంది. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడతాడు. భార్య పోయాక తమ్ముడింట్లో ఉంటున్నానని చెప్పాడు.

"పైన మా పాత సామానుందమ్మా. తాళం వేసే ఉంటుంది. పైన ఎవరూ ఉండరు, మీకు చప్పుళ్ళ బాధ ఉండదు," అన్నాడు.

పైకి వెళ్ళే మెట్లు ఇంటి వెనకాల, పక్క సందులోంచి ఉన్నాయి. ఆ సందు గేటు వేరు. ఇవేవీ అప్పట్లో ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

చేరిన కొత్తలోనే ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి బాత్రూములో వాష్ బేసిన్ కింద నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. పొద్దున తనే సరిగ్గా తుడవలేదనుకుంది. తర్వాత మళ్ళీ అలాగే జరిగితే బేసిన్ కింద ఓ బకెట్టు పెట్టింది. ఖుద్దూస్‌కి ఫోన్ చేసి చెప్పింది.

"ప్లంబర్ని పంపిస్తానమ్మా. అయినా... పైకెక్కి చూడాల్సిన అవసరమేం ఉండదు కదా?"

"కింద బేసినేనండీ కారేది. పైనెందుకు?"

"అదే, అదేలెండి," అన్నాడాయన.

ప్లంబరు ఫోన్లో ఎప్పుడడిగినా "రేపొస్తానండీ" అన్నాడు తప్ప రాలేదు.

ఈలోపల ఆమెకి ఇంకో సంగతి అర్థమైంది. బేసిన్ రోజూ కారట్లేదు. సోమవారం కారదు, బుధవారం కారదు. తను దగ్గర నిలబడి కొళాయి తిప్పి చూసినా కింద రెండు మూడు చుక్కల కంటే పడదు. శుక్రవారం సాయంత్రం ఇంటికొస్తే మాత్రం బకెట్లో సగం దాకా నీళ్ళుంటాయి. ఒక శుక్రవారం బయల్దేరేముందు బేసిన్ కిందున్న వాల్వు గట్టిగా కట్టేసి, కొళాయిలో చుక్క కూడా రావట్లేదని చూసుకుని మరీ వెళ్ళింది. తిరిగొచ్చి లైటేస్తే బకెట్లో నీళ్ళున్నాయి. నీళ్ళ మీద తెల్లటి నురుగు తెట్టు.

వంగి వాసన చూసింది. కుంకుడుకాయ వాసన.

ఆమెకి కళ్ళు మండినట్టయింది. చిన్నప్పుడు ముదినేపల్లిలో వాళ్ళమ్మ తలంటిపోసేటప్పుడు వచ్చిన వాసనే. కానీ ఈ ఇంట్లో కుంకుడుకాయ ఒక్కటి కూడా లేదు. తను వాడేది షాంపూ, అదీ సాషేలు. తలుపు తాళం వేసింది వేసినట్టే ఉంది. కిటికీలకి గడియలు పెట్టే ఉన్నాయి. తను లేనప్పుడు ఎవరో ఈ బాత్రూములో తలంటుకుని వెళ్ళినట్టుగా ఉంది.

అమ్మకి ఫోన్ చేద్దామని ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది. చెబితే అమ్మ ఏమంటుందో తెలుసు. "ఒక్కదానివీ ఉంటే ఇలాగే ఉంటుంది, వచ్చెయ్." సుధీర్ వాళ్ళైతే నవ్వుకుంటారు. తను ఒంటరిగా ఎంతకాలం నెట్టుకొస్తుందోనని చాలామంది కాచుక్కూర్చున్నారు. వాళ్ళ చేతికి ఈ కబురు అందించడం ఆమెకి ఇష్టం లేదు. ఆ నీళ్ళు పారబోసి, బకెట్టు బోర్లించి, ఆ బేసిన్ని తనే బాగుచేసుకుంటానని అనుకుంది. కారేదానికి ఏదో కారణం ఉంటుంది. కారణం దొరికితే భయం పోతుంది.

ఆదివారం పొద్దున కోనేరు సెంటర్‌కి వెళ్ళి హార్డ్‌వేర్ షాపులో రబ్బరు వాషర్లు, టెఫ్లాన్ టేపు, ఒక పానా కొనుక్కొచ్చింది. ఫోన్లో ఒక వీడియో రెండుసార్లు చూసి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, బేసిన్ కింద గోనెపట్టా పరుచుకుని కూర్చుంది.

బేసిన్ కింద తెల్లటి ప్లాస్టిక్ సీసాలాంటిది వేలాడుతోంది. బాటిల్ ట్రాప్ అంటారని వీడియోలో చెప్పాడు. పైనుంచి వచ్చిన నీళ్ళు అందులో ఆగి, పక్కనున్న గొట్టంలోంచి గోడలోకి పోతాయి. ఆ గొట్టం గోడలో ఎక్కడికి పోతుందో, ఇంకేం గొట్టాలతో కలుస్తుందో వీడియోలో చెప్పలేదు, ఆమె కూడా ఆలోచించలేదు. కింద మగ్గు పెట్టి సీసా అడుగుభాగం తిప్పింది. ముందు కదల్లేదు. తడిగుడ్డ చుట్టి పట్టుకుని బలంకొద్దీ తిప్పితే కిర్రుమని వదిలింది. నల్లటి మడ్డి మగ్గులోకి జారింది. మురుగువాసనకి మొహం పక్కకి తిప్పుకుని, వేళ్ళతో లోపల తడిమింది.

వెంట్రుకలు.

తన జుట్టే అనుకుని లాగింది. లాగుతుంటే వస్తూనే ఉంది. మోచేతి దాకా వచ్చింది, భుజం దాకా వచ్చింది, ఇంకా ఉంది. కొళాయి కింద పెట్టి కడిగితే మడ్డి పోయి ఎర్రగా మెరిసింది. గోరింటాకు పెట్టిన జుట్టు. శ్రీవిద్య జుట్టు మెడ దాకానే, నల్లగా ఉంటుంది. ఆ ఉండ అరచేతిలో బరువుగా, చల్లగా ఉంది. ఒక్కసారిగా చెయ్యి విదిలించుకోవాలనిపించింది. అయినా ఓపిక పట్టి దాన్ని కాగితంలో చుట్టి, అప్పుడే సందులోకొచ్చిన మున్సిపాలిటీ చెత్తబండిలో పడేసి వచ్చింది.

మిగిలిన పని చకచకా చేసింది. పాత వాషరు బిగుసుకుపోయి బిస్కట్టులా విరిగింది. కొత్తది వేసి, మరల మీద టేపు చుట్టి, చేత్తో బిగించి, చివర్న పానాతో మరికాస్త తిప్పింది. బేసిన్ నిండా నీళ్ళు పట్టి ఒక్కసారిగా వదిలి, కింద పొడి కాగితం పెట్టి చూసింది. కాగితం తడవలేదు. అంత భయంలోనూ ఆమెకి కొంచెం గర్వంగానే అనిపించింది.

మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే ప్రహరీ అవతల తన బట్టలు ఆరేసుకుంటున్న సీతారత్నం గారు పలకరించారు. ఆవిడ రిటైరైన టీచరు. ఆ సందులో అందరికంటే పాత మనిషి.

"ఏంటమ్మా, పొద్దున్నించీ పానా చప్పుడు?"

"బేసిన్ కారుతుంటే బాగుచేశానండీ." శ్రీవిద్య ఒక్క క్షణం తటపటాయించింది. "ఈ ఇంట్లో ఇదివరకు ఎవరికైనా పొడుగు జుట్టు ఉండేదాండీ? ఎర్రగా, గోరింటాకు పెట్టుకుని?"

సీతారత్నం గారు ఆరేస్తున్న తువ్వాలు చేతిలోనే పట్టుకుని ఉండిపోయారు.

"సాబిరా అమ్మా. ఖుద్దూస్ భార్య. మోకాళ్ళ దాకా ఉండేది జుట్టు. ఎప్పుడూ ముసుగు ఉండేదనుకో, కానీ శుక్రవారం తలంటుకుని పైన డాబా మీద ఆరబెట్టుకునేటప్పుడు మాకు కనిపించేది. మా అమ్మాయి చూసి కుళ్ళుకునేది." ఆవిడ గొంతు తగ్గించారు. "పోయి రెండేళ్ళు దాటింది. మాయదారి కేన్సరు. నీకెలా తెలుసు ఆ పిల్ల జుట్టు సంగతి?"

"ఎవరో అన్నారండీ," అని శ్రీవిద్య లోపలికి వచ్చేసింది.

రెండేళ్ళ కిందటి జుట్టు గొట్టంలో ఇరుక్కుని ఉండొచ్చు. అది సరే. మరి మొన్నటి నురుగు సంగతేంటి? ఆ వారమంతా ఆమె మొహం కడుక్కోవడం కూడా పెరట్లో కొళాయి దగ్గరే చేసింది. బాత్రూము తలుపు వేసి ఉంచింది. వంటింట్లో ఉన్నప్పుడు మాటిమాటికీ వెనక్కి తిరిగి ఆ తలుపు వైపు చూసేది.

శుక్రవారానికి బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారనీ, కాలేజీలకి సెలవనీ పొద్దున్నే మెసేజ్ వచ్చింది. వానకి సందంతా మసకేసినట్టుంది. కరెంటు పోయింది. సీతారత్నం గారింటికి వెళ్ళి కూర్చుందామనుకుంది గానీ, ఏం చెప్పి కూర్చోవాలో తెలీలేదు. మధ్యాహ్నం నమాజు పిలుపు వానలో తడిసి వినిపించింది. నమాజు కూడా అయిపోయిన కాసేపటికి బాత్రూములోంచి గుడగుడమని చప్పుడొచ్చింది.

ఆమె తలుపు తీసింది.

బేసిన్ కింద నేల పొడిగానే ఉంది. తను వేసిన వాషరు గట్టిగానే పనిచేస్తోంది. కానీ బేసిన్ లోపల, నీళ్ళు పోయే కంతల్లోంచి తెల్లటి నురుగు పైకి వస్తోంది. ఎవరో కింద నుంచి ఊదుతున్నట్టు బుడగలు బుడగలుగా, మెల్లగా లేస్తోంది. బేసిన్ తెల్లటి గిన్నె అంతా ఆ నురుగు పరుచుకుంది. గది నిండా కుంకుడుకాయ వాసన. నురుగు మధ్యలో ఒక ఎర్రటి వెంట్రుక తేలి, గుండ్రంగా తిరుగుతోంది.

అప్పుడు మాట వినిపించింది. వెంటిలేటర్లోంచో, గోడలోంచో తెలీలేదు. వానలో కలిసిపోయిన మగగొంతు, పసిపిల్లని బుజ్జగిస్తున్నట్టు.

"కళ్ళు మూసుకో... మండుతుంది, మూసుకో... అయిపోయింది, అయిపోయింది."

శ్రీవిద్య గోడ పట్టుకుని నిలబడింది. కొంతసేపటికి నురుగు పెరగడం ఆగి, గుడగుడమంటూ కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆ నీళ్ళు దిగడం చూస్తుంటే ఆమె బుర్ర కొంచెం పనిచేసింది. గొట్టాలు. పై బేసిన్‌దీ, ఈ బేసిన్‌దీ గోడలో ఒకే గొట్టం అయ్యుంటుంది. ఆ గొట్టం కింద ఎక్కడో పూడుకుంది. పైనుంచి ఎక్కువ నీళ్ళొస్తే కిందికి పోయే దారిలేక ఇటు తన్నుతున్నాయి. ఇన్నాళ్ళూ పాడైన వాషరు దగ్గర కారిపోయేవి. తను దాన్ని బిగించేసరికి బేసిన్‌లోకి లేచాయి.

అంటే పైన ఎవరో ఉన్నారు.

దయ్యమైతే తలుపేసుకుని కూర్చోవచ్చు. మనిషైతే చూడక తప్పదు. ఆమె గొడుగు తీసుకుని, వీధి చుట్టూ తిరిగి పక్క సందులోకి వెళ్ళింది. గేటు దగ్గరగా వేసి ఉంది, తాళం లేదు. మెట్ల మీద తడి చెప్పుల అడుగులున్నాయి. పై తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల గుడ్డలు కప్పిన మంచం, బీరువా, కుట్టుమిషను. వాటి అవతల బాత్రూములో ఖుద్దూస్ ఆమెకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. బేసిన్‌లోకి వంగి, రెండు చేతులతో ఎవరి తలనో పట్టుకుని కడుగుతున్నాడు. ఎర్రటి జుట్టు ఆయన మోచేతుల మీదుగా బేసిన్ అంచు దాటి వేలాడుతోంది.

శ్రీవిద్య చేతిలోంచి గొడుగు జారింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఆయన చేతుల్లో తల లేదు. జుట్టొక్కటే ఉంది. పైన నల్లదారంతో కుట్టి కట్టిన సవరం, ఆయన మోకాళ్ళ దాకా వేలాడుతూ నీళ్ళు కారుస్తోంది.



"భయపడ్డారామ్మా," అన్నాడాయన. దాన్ని గుండెకి అదుముకున్నాడు. చొక్కా తడిసిపోతోంది. "మీరు శుక్రవారాలు కాలేజీకి వెళ్తారు కదా అని..."

"ఇవ్వాళ సెలవండీ." ఆమె బేసిన్ వైపు చెయ్యి చూపించింది. "మీ నీళ్ళు నా బేసిన్‌లోకి వస్తున్నాయి."

ఆయన గుడ్డ కప్పిన కుర్చీ ఒకటి లాగి ఆమెకి వేసి, తను కుట్టుమిషను స్టూలు మీద కూర్చున్నాడు. సవరాన్ని తువ్వాల్లో ఒత్తుతూ, ఆమె వైపు చూడకుండా చెప్పాడు.

సాబిరాది దివిసీమ, నాగాయలంక. మందులు ఎక్కిస్తే జుట్టు రాలిపోతుందని డాక్టరు చెప్పిన రోజే ఆమె తిన్నగా వచ్చి జుట్టు కోయించేసుకుంది. అది రాలిపోవడం తను చూడనంది. ఆ కోసిన జుట్టుతో సవరం కట్టించింది. "మళ్ళీ మెడ దాకా పెరగ్గానే దీన్ని పెట్టుకుంటాను. అప్పటిదాకా శుక్రవారం శుక్రవారం నువ్వే కడుగు. కుంకుడుకాయే వాడు, షాంపూ పెట్టి పాడుచెయ్యకు," అంది.

"నేను కడిగేటప్పుడు మంచం మీంచి చూస్తూ, కళ్ళలో పడుతోందని కళ్ళు మూసుకునేదమ్మా. ఆటకి. నేను కూడా మూసుకో మూసుకో అనేవాణ్ణి." ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "జుట్టు రానేలేదు. తనే పోయింది. పోయినవాళ్ళ జుట్టు ఇంట్లో ఉంచకూడదు, మట్టికి ఇచ్చెయ్యాలన్నాడు మా తమ్ముడు. ఇచ్చేశానని చెప్పాను. ఇక్కడ దాచాను."

వాన జోరు పెరిగింది.  శ్రీవిద్య తనకి తెలిసింది చెప్పింది.

"కింద ట్రాప్‌లో చాలా జుట్టు వచ్చిందండీ ఆదివారం. ఇంకా గొట్టంలో ఉన్నట్టుంది. అందుకే పూడుకుంది."

ఆయన చేతులు ఆగిపోయాయి. "జుట్టొచ్చిందా? ఎంత?"

ఆమె పిడికిలి చూపించింది.

"ఏదమ్మా అది?"

"చెత్తబండిలో వేసేశానండీ. నాకు తెలీదు."

"మీకెలా తెలుస్తుంది. పర్లేదు," అన్నాడు గానీ, ఆయన మొహం చూడలేక ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆయన తువ్వాలు విప్పి సవరాన్ని ఒళ్ళో పరిచాడు. కుట్టు దగ్గర నుంచి కొస దాకా వేళ్ళతో తడిమాడు. కొత్తగా చూస్తున్నవాడిలా పిడికిట్లో పట్టి చూశాడు. "మొదట్లో ఇది నా గుప్పిట్లో పట్టేది కాదు," అన్నాడు. ఇంకాసేపటికి, "కడిగినప్పుడల్లా కొంచెం కొంచెం పోతోంది. జాగ్రత్త చేస్తున్నాననుకున్నాను. మురుక్కాలవలోకి పంపిస్తున్నాను," అన్నాడు. ఏడవలేదు.  కింద వీధిలో ఎవరో గొడుగు లేకుండా పరుగెడుతున్న చప్పుడు.

వాన తగ్గాక ఆయనే లేచాడు. "ఆ గొట్టంలో ఉన్నది తీద్దామమ్మా. మురుగులో ఉండనివ్వను," అన్నాడు.

పెరట్లో మురుగునీళ్ళ ఛాంబర్ మూత ఇద్దరూ కలిసి లేపారు. గొట్టం వచ్చి కలిసేచోట శ్రీవిద్య వెదురుబద్ద పెట్టి కెలికింది. మొదట బద్ద మెత్తగా దేనికో తగిలి ఆగింది. కొస చీల్చి, లోపల తిప్పి తిప్పి లాగితే బురదతో పాటు తాడులా పేనుకున్న జుట్టు బయటికొచ్చింది. వెనకే బడబడమంటూ ఆగిపోయిన నీళ్ళన్నీ దూకాయి. ఖుద్దూస్ తన మంచి తువ్వాలు నేలమీద పరిచాడు. ఆమె వద్దంటున్నా వినకుండా ఆ జుట్టుని మగ్గుతో నీళ్ళు పోసి పోసి ఆయనే కడిగాడు. మడ్డి వదిలేదాకా కడిగి, తువ్వాల్లో పెట్టాడు. పైకి వెళ్ళి సవరం తెచ్చాడు. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"మీరు ఇల్లు ఖాళీ చేస్తారామ్మా?" అని అడిగాడు, ఆమె వైపు చూడకుండా.

"చెయ్యనండీ."

ఆయన తలూపి, సవరాన్ని కూడా తువ్వాల్లో చుట్టాడు. ఒక్కడినీ ఆమె సమాధి దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాలట్లేదు, గేటు దాకా వస్తారా అన్నాడు. ఇద్దరూ ఆటోలో ఖబరస్తాన్‌కి వెళ్ళారు. శ్రీవిద్య బయటే నిలబడింది. తడిసిన వేపచెట్ల మధ్య ఆయన ఒక సమాధి పక్కన వంగడం, చేతులతోనే మన్ను తవ్వడం దూరం నుంచి కనిపించింది. వానకి నేల మెత్తగా ఉన్నట్టుంది, తొందరగానే అయిపోయింది. అయినా ఆయన తొందరగా రాలేదు.

వచ్చాక మట్టిచేతులు ముందుకి చాపి నిలబడ్డాడు, ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు. ఆమె సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఆయన చేతుల మీద పోసింది. గోళ్ళలో మట్టి పోవట్లేదు. ఇంకొంచెం పోసింది. సీసా ఖాళీ అయ్యాక ఇద్దరూ వెనక్కి ఆటో కోసం రోడ్డు మీదికి నడిచారు.

"పై వాటా ఖాళీ చేయించి అద్దెకిస్తాను," అన్నాడాయన దారిలో. "మనుషులుంటే మంచిది."

ఆ రాత్రి శ్రీవిద్య నిద్రపోలేదు. ఇంతకుముందు పైన ఏదో ఉందని భయపడింది. ఇప్పుడు పైన ఏమీ లేదని తెలుసు. నెత్తిమీద అంత ఖాళీ ఉందన్న సంగతి మొదటిసారి తెలిసినట్టయి, తెల్లారేదాకా చెవులు రిక్కించి పడుకునే ఉంది. పొద్దున్నే లేచి అమ్మకి ఫోన్ చేసి, ఓ వారం వచ్చి తనతో ఉండమని అడిగింది.